లోయర్ రిసీవర్‌తో గురి పెరగదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక అమెరికా పేజీలో సొంతంగా రైఫిల్ కూర్చుకోవడం గురించి వచ్చిన వ్యాసంలో ఒక మాట కొత్తవాళ్ల జేబుకు చిల్లు పెట్టేలా ఉంది. ఏఆర్-15 అనే రైఫిల్‌లో లోయర్ రిసీవర్ (తుపాకీ కింది సగం చట్రం) ఎంత ఖరీదైతే గురి అంత కచ్చితంగా కుదురుతుందని రాశారు. అది నిజం కాదు. బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం), బోల్ట్ (తూటాను బ్యారెల్‌లోకి నెట్టి వెనక మూసే భాగం), స్కోపు మూడూ పై సగమైన అప్పర్‌లోనే ఉంటాయి. లోయర్ మోసేది ట్రిగ్గర్, మ్యాగజైన్ (తూటాల పెట్టె), గ్రిప్, భుజానికి ఆనే స్టాక్. ఈ కింది సగం వల్ల గురికి ఏదైనా మేలు జరిగితే అది మంచి ట్రిగ్గర్ చలవే. ఆ ట్రిగ్గర్ 70 డాలర్ల లోయర్‌లోనూ 300 డాలర్ల లోయర్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది. మిగిలిన డబ్బు బ్యారెల్ మీద పెడితే తేడా టార్గెట్ కాగితం మీదే కనిపిస్తుంది.

లోయర్ ఎంపికలో ముందు తెలియాల్సింది చట్టం. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ లెక్కలో ఏఆర్-15కి 'తుపాకీ' అంటే లోయరే, సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది. ఫెడరల్ చట్టం వరకు బ్యారెల్, అప్పర్, స్టాక్ మామూలు విడిభాగాలు. లోయర్‌ను మాత్రం ఆన్‌లైన్‌లో కొన్నా సరే, మీ సొంత రాష్ట్రంలోని లైసెన్సు డీలరు దగ్గరికే పంపుతారు. అక్కడ ఫారం 4473 (తుపాకీ కొనుగోలు పత్రం) నింపి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాకే చేతికిస్తారు. ఖాళీ లోయర్ ఇంకా రైఫిల్ కాదు కాబట్టి డీలరు దగ్గర కొనేవారికి 21 ఏళ్లు నిండాలి. కూర్చిన రైఫిల్‌కైతే ఫెడరల్ చట్టం 18 ఏళ్లే అంటుంది. స్టాక్ బిగించిన రైఫిల్‌కు బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గితే ముందుగా ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) అనుమతి తీసుకుని రిజిస్టరు చేయాలి.

మీ వ్యాసం అసలు తాకనే తాకని విషయం ఒకటుంది, మన పాఠకులకు అదే ముఖ్యం. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఇచ్చినటువంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఇదే నియమం. ఖాళీ లోయర్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. స్నేహితుడి పేరుతో కొనిపించడం కూడా పెద్ద నేరమే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయిస్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఏఆర్ తరహా రైఫిళ్ల మీద విడిగా నిషేధాలు, షరతులు ఉన్నాయి. ఆర్డరు పెట్టేముందే డీలర్ని అడగాలి. నంబరు లేని, సగం చెక్కిన లోయర్ల జోలికి అసలు వెళ్లొద్దు. అలాంటి కిట్లను తుపాకీల కిందికి తెచ్చిన ఏటీఎఫ్ 2022 నియమం చెల్లుతుందని 2025 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక లోహం సంగతి. ఫోర్జ్‌డ్ లోయర్ అంటే వేడి అల్యూమినియాన్ని అచ్చులో పెట్టి సమ్మెట యంత్రంతో కొట్టి, తర్వాత మెషిన్ మీద చెక్కినది. బిల్లెట్ అంటే దిమ్మె నుంచి నేరుగా చెక్కినది. బిల్లెట్ చూడముచ్చటగా ఉంటుంది. చాలావాటిలో ట్రిగ్గర్ గార్డు కలిసే వస్తుంది, మ్యాగజైన్ నోరు వెడల్పుగా ఉంటుంది. బలంలో మాత్రం ఫోర్జింగ్‌దే పైచేయి, ఎందుకంటే కొట్టినప్పుడు లోహపు రేణువులు ఆకారం వెంట సర్దుకుంటాయి. ఆ తేడా పూడ్చడానికి బిల్లెట్‌లో గోడలు మందంగా ఉంచుతారు, దాంతో బరువు పెరుగుతుంది. ఖాళీ ఫోర్జ్‌డ్ లోయర్ సుమారు 240 గ్రాములు తూగుతుంది. అన్నట్టు, ఫోర్జింగులు కొట్టే కార్ఖానాలు కొన్నే. చాలా బ్రాండ్లు వాటి దగ్గరే కొని, చెక్కి, తమ ముద్ర వేసుకుంటాయి. కాబట్టి ఎక్కువ ధర ఇచ్చేది చెక్కడంలోని నాణ్యతకే కావాలి, పక్కన వేసిన కంపెనీ బొమ్మకు కాదు.

అల్యూమినియం మిశ్రమం 7075-టీ6 రకం అయి ఉండాలి, పైన టైప్ 3 హార్డ్ ఆనోడైజింగ్ (గట్టి రక్షణ పూత) ఉండాలి. మరో మిశ్రమం 6061-టీ6 యీల్డ్ స్ట్రెంగ్త్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) 275 మెగాపాస్కల్స్ దగ్గర ఆగుతుంది, 7075-టీ6ది 500 వరకు ఉంటుంది. అలాగని 6061 లోయర్ పేలిపోదు. కాల్పు ఒత్తిడిని మోసేవి బోల్ట్, అది లాక్ అయ్యే బ్యారెల్ ఎక్స్‌టెన్షన్. 6061 లోయర్‌లో తొందరగా అరిగేవి పిన్ను రంధ్రాలు. పాలిమర్ లోయర్లు తేలిక, చవక. వాటి బలహీనత వెనక బఫర్ ట్యూబు (స్టాక్ ఎక్కే గొట్టం) బిగిసే రింగు దగ్గర. రైఫిల్ కింద పడి స్టాక్ నేలకు తగిలితే మొదట పగిలేది అక్కడే.

డీలరు కౌంటరు దగ్గర, 4473 మీద సంతకం పెట్టకముందే లోయర్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. మీ పేరు మీదికి మారాక చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. ట్రిగ్గర్, హ్యామర్ (తూటాను పేల్చే పిన్నును కొట్టే భాగం) తిరిగే పిన్నులు 0.154 అంగుళం. రంధ్రంలోకి వేలితో నెడితే కాస్త బిగువుగా దిగాలి. సుత్తి కావాల్సి వస్తే పూత మందంగా పడిందని అర్థం. తనంతట జారి పడిపోతుంటే రంధ్రం పెద్దదైంది, అది వద్దు. పాత కోల్ట్ రైఫిళ్లలో కొన్నిటికి 0.170 పిన్నులు వాడారు, సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు కొలిచి చూసుకోవాలి. అప్పర్‌ను లోయర్‌కు కలిపే టేక్‌డౌన్ పిన్నులు 0.250 అంగుళం. ఖాళీ మ్యాగజైన్‌ను పెట్టి వదిలితే తన బరువుకే కిందికి జారాలి. బఫర్ ట్యూబు రింగులో మరల వ్యాసం 1-3/16 అంగుళం, అంగుళానికి 16 మరలు. ట్యూబును చేత్తో నాలుగు చుట్లు తిప్పి చూడండి, గరగరలాడితే మరల్లో లోపం ఉంది. మిల్-స్పెక్ (సైనిక ప్రమాణపు) ట్యూబు వ్యాసం 1.148 అంగుళం, కమర్షియల్ ట్యూబు 1.168. రెండూ ఇదే రింగులో బిగుస్తాయి, కానీ స్టాక్ మాత్రం ట్యూబుకు తగ్గదే కొనాలి. చివరగా లోయర్ మీది నంబరు, ఫారం మీది నంబరు అంకె అంకె సరిచూసుకోండి.

అప్పర్, లోయర్ మధ్య కొంచెం కదలిక ఉంటే కంగారు అక్కర్లేదు, గురికి దానితో చెప్పుకోదగ్గ సంబంధం లేదు. అది చేతికి చికాకు అనిపించేవారు టెన్షన్ స్క్రూ ఉన్న లోయర్ తీసుకోవచ్చు. నైలాన్ మొన ఉన్న ఆ స్క్రూ అప్పర్ వెనక చెవిని పైకి నొక్కిపెడుతుంది. అంతకంటే పనికొచ్చే సదుపాయం వెనక టేక్‌డౌన్ పిన్నును పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగును చిన్న స్క్రూతో మూసే ఏర్పాటు. అది లేకపోతే స్టాక్ విప్పిన ప్రతిసారీ ఆ స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడుతుంది. రెండు వైపులా బోల్ట్ రిలీజ్ (వెనక ఆగిన బోల్ట్‌ను వదిలే మీట) ఉన్న లోయర్లు ఎడమచేతి వాళ్లకు వరం. కాకపోతే ఆ భాగాలు ఆ కంపెనీవే కావాలి, విడిగా అమ్ముతారో లేదో ముందే కనుక్కోవాలి.

కూర్పులో లోయర్లు పాడయ్యేది ఎక్కువగా మూడు చోట్ల. ఫోర్జ్‌డ్ లోయర్‌లో ట్రిగ్గర్ గార్డు రోల్ పిన్నును కొట్టేటప్పుడు కింద ఆధారం పెట్టకపోతే పలుచటి చెవి విరుగుతుంది, దానికి మరమ్మతు లేదు. బఫర్ ట్యూబు తక్కువ తిప్పితే బఫర్‌ను (ట్యూబులో కదిలే బరువును) ఆపే రిటైనర్ పిన్ను ఎగిరి ట్రిగ్గర్ భాగాల్లో పడి రైఫిల్ బిగుసుకుపోతుంది. ట్యూబు అంచు ఆ పిన్ను గట్టు మీదికి వచ్చి, పిన్ను కిందికీ పైకీ స్వేచ్ఛగా కదిలేదాకా తిప్పాలి. ట్యూబును బిగించే కాసిల్ నట్‌ను 38 నుంచి 42 ఫుట్-పౌండ్లకు బిగించి, దాని ముందున్న ఎండ్ ప్లేటు లోహాన్ని నట్ గాడిలోకి పొడిచి (స్టేక్ చేసి) కదలకుండా చేయాలి. మూడోది, అప్పర్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి హ్యామర్‌ను వదిలేయడం. అది లోయర్‌లో ట్రిగ్గర్ గది ముందుగోడను కొట్టి గుంట పెడుతుంది. పరీక్షించాలంటే హ్యామర్‌ను బొటనవేలితో పట్టి నెమ్మదిగా దించాలి.

కాలిబర్ల (తూటా కొలతల) గురించీ ఒక మాట. 5.56, 300 బ్లాకౌట్, 6.5 గ్రెండెల్ మూడింటికీ ఒకే లోయర్ సరిపోతుంది, 'మల్టీ' అనే ముద్ర అందుకే వేస్తారు. 308కి మాత్రం పెద్ద లోయర్ కావాలి. వాటిలో ఆర్మలైట్ తరహా, డీపీఎంఎస్ తరహా అని రెండున్నాయి, ఒకదాని అప్పర్ రెండోదానికి పట్టదు. లోయర్ వెనక అంచు ఏటవాలుగా ఉంటే ఆర్మలైట్, గుండ్రంగా వంపు తిరిగి ఉంటే డీపీఎంఎస్. అప్పర్ ముందే కొనేసినవారు దాని అంచును చూసి లోయర్ ఆర్డరు పెట్టాలి.

ఇట్లు,
ఒక గన్‌స్మిత్, మీ పాఠకుడు