పిల్లల వసతి గృహానికి ముందు నీటి లెక్క

సంపాదకులు గారికి,

అనంతపురం, కడప, రాయచూరు ప్రాంతాల నుంచి బెంగళూరుకు కట్టుబడి పనులకు వచ్చి రేకుల షెడ్లలో తలదాచుకుంటున్న కుటుంబాల్లో, చూసేవారు లేని పిల్లల కోసం పర్యావరణహితమైన వసతి గృహం కట్టాలని మా ప్రాంతపు తెలుగువారు కొందరు సంకల్పించడం సంతోషం. అయితే వారు చూపిన నమూనా చిత్రంలో సోలార్ పలకలు, గోడలపై పాకే తీగలు ఉన్నాయి గానీ, నీళ్లు ఎక్కడివో లేదు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం పడిగాపులు పడిన ఊరు ఇది.

50 మంది పిల్లలకు తలకు 100 లీటర్ల చొప్పున రోజుకు 5,000 లీటర్లు కావాలి. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 970 మిల్లీమీటర్లు; 5,000 చదరపు అడుగుల కప్పు మీద పడినదాంట్లో అయిదో వంతు వృథా అయినా దాదాపు 3.6 లక్షల లీటర్లు దక్కుతాయి, అదీ తగినంత తొట్టి ఉంటేనే. అది 72 రోజుల వాడకం మాత్రమే. కనుక స్నానాల నీటిని శుద్ధి చేసి మరుగుదొడ్లకు మళ్లించే రెండో గొట్టం గోడలు లేవకముందే వేయాలి. తర్వాత చూద్దాం అని వదిలిన గొట్టం తర్వాత వేయగా, సివిల్ ఇంజనీరుగా పనిచేసినన్నాళ్లూ నేను చూడలేదు.

గోడల సంగతి సులువు. 1974లో ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో మొదలైన ‘అస్త్ర’ అనే గ్రామీణ సాంకేతిక విభాగం ఎంతో కృషి చేసి మెరుగుపరిచిన మట్టి దిమ్మలకు బట్టీ అక్కరలేదు. జల్లించిన మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి, యంత్రంతో అదిమి, కొన్ని వారాలు తడుపుతారు. పునాది తవ్విన మట్టి పరీక్షలో పనికొస్తే, దిమ్మలు చేసే కూలి ఆ పిల్లల బంధువులకే దక్కుతుంది. వాన జల్లు తగలకుండా చూరు మాత్రం బాగా ముందుకు దించాలి.

ఖర్చు తగ్గించడానికి గదులను కుదించాలన్న మాట కూడా వినిపించింది. బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాల ప్రకారం 25 మంది పడుకునే హాలు 1,000 చదరపు అడుగులుండాలి. అందులో బేరం లేదు.

దాతలు శిలాఫలకానికి ఇచ్చినంత సులువుగా వడపోత తొట్టి కడిగే మనిషి జీతానికి ఇవ్వరు. అందుకే విరాళాల్లో కొంత భాగాన్ని నిర్వహణ నిధిగా బ్యాంకులో వేసి, ఆ అంకెను అంచనా పత్రంలోనే చూపించాలని నిర్వాహకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
మారతహళ్లి, బెంగళూరు