బీచ్ పక్కన గది సరే, బస్సు ఎక్కడ ఆగుతుంది?

సంపాదకులు గారికి,

దసరా, సంక్రాంతి సెలవులు దగ్గరపడితే చాలు, పత్రికల్లోనూ ఫోన్లలోనూ విశాఖపట్నం గురించి ఒకటే ఊదర. ఎక్కడ తినాలి, ఎక్కడ ఫొటో దిగాలి, ఏ హోటల్ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, అన్నీ రాస్తారు. సొంత కారు లేకుండా రైలు దిగి, సిటీ బస్సుల మీదే తిరగాలనుకునే కుటుంబం ఏ పేటలో గది తీసుకోవాలో మాత్రం ఎవరూ రాయరు. పెదవాల్తేరులో ఉంటున్న మాకు హైదరాబాద్ నుంచి చుట్టాలు ఫోన్ చేసి ముందు అడిగేది అదే.

అందరి నోటా వచ్చే పేరు రుషికొండ. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన దగ్గర్నుంచీ మరీనూ. బీచ్ బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ దిగినవాళ్ళకి ఊళ్ళోకి రావడానికి ఉన్న ముఖ్యమైన ఆధారం బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్ళే 900కె బస్సు, అది పగలు పరవాలేదు, చీకటి పడ్డాక మాత్రం స్టాపులో నిలబడి వస్తుందో రాదో తెలియక ఎదురుచూడటమే. హైవే మీద ఎక్కువ బస్సులు దొరుకుతాయి కదా అంటే, ఎండాడ జంక్షన్ దాకా పిల్లల్నీ సామాన్లనీ వేసుకుని నడిచే దూరం కాదు. మా పిన్ని కూతురు వాళ్ళు మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో వందేభారత్ ఎక్కి రాత్రి పదకొండు దాటాక ఇక్కడ దిగారు, గదేమో రుషికొండలో బుక్ చేసుకున్నారు. ఆ టైముకి బస్సు లేదు, ఆటోవాళ్ళు నోటికొచ్చినంత అడిగారు. అరకు వెళ్ళే కిరండూల్ పాసింజర్ పొద్దున్న ఏడు లోపే స్టేషన్లో కదిలిపోతుంది కాబట్టి దాన్ని అందుకోవడానికి తెల్లారకుండానే మళ్ళీ ఆటో. గది అద్దెలో మిగిలిందనుకున్నది అక్కడే పోయింది.

ఆర్కే బీచ్ దగ్గర దిగితే ఈ బాధ తక్కువ. స్టేషన్ నాలుగైదు కిలోమీటర్లు, కురుసుర సబ్‌మెరైన్, దాని ఎదురుగా టీయూ-142 విమానం, రెండూ నడిచి చూసేయొచ్చు. అయితే ఊరు నలుమూలలకీ వెళ్ళే బస్సులు ఎక్కువ దొరికేది పైన జగదాంబ జంక్షన్లో, కింద ఇసుక ఒడ్డున కాదు. కలెక్టరాఫీసు వైపు ఆ ఎత్తు ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఎంత కష్టమో హోటల్ ప్రకటనలో ఉండదు. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు, బస్సు కంటే మనమే ముందు చేరతాం. ఇంకో మాట, ఆ బీచ్ చూడ్డానికే, దిగడానికి కాదు. అక్కడ అలలు లాగేసి పోయిన ప్రాణాల గురించి మీ పత్రికలోనే ఎన్నిసార్లు చదివాం.

నన్నడిగితే లాసన్స్‌బే కాలనీ, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, ఈ మధ్య ప్రాంతంలో గది చూసుకోమంటాను. (మా పేట అని చెప్పడం లేదు, కొంచెం ఉంటే ఉండొచ్చు.) ఎంవీపీకి ఒకవైపు సముద్రం, రెండోవైపు హైవే. ఇసుకతోట, వెంకోజీపాలెం స్టాపుల్లో నిలబడితే మద్దిలపాలెం, ఆర్టీసీ కాంప్లెక్స్ (ఊళ్ళో ప్రధాన బస్టాండ్) వైపూ, మధురవాడ, తగరపువలస వైపూ బస్సులు వస్తూనే ఉంటాయి. సాయంత్రం అప్పూఘర్ దగ్గర ఇసుకలో కూర్చోవచ్చు, టిఫిన్‌కి వెతుక్కోనక్కర్లేదు, రాత్రి ఆలస్యమైనా ఆటో బేరం భరించగలిగేంతలో ఉంటుంది. గదిలోంచి సముద్రం కనిపించదు, అంతే. భీమిలి అందమైన ఊరే గానీ రోజూ అక్కడినుంచి నగరంలోకి వచ్చిపోవాలంటే సగం సెలవు బస్సులోనే అయిపోతుంది.

డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు 2025 ఆగస్టులో వచ్చాయి కదా అంటారు. మంచివే. కానీ అవి ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా చుట్టి చూపించేవి, స్టేషన్‌కీ కాంప్లెక్స్‌కీ సూట్‌కేసులతో వెళ్ళేవాడికి పనికిరావు. మెట్రో వస్తుందని ఆశపడేవాళ్ళకి కూడా ఒక మాట: ప్రతిపాదించిన పొడవైన లైను స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా హైవే వెంట వెళ్తుంది, బీచ్ రోడ్డు మీద కాదు. ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది, అది సంతోషమే, అయితే అది ఆంధ్రప్రదేశ్ మహిళలకే కాబట్టి తెలంగాణ ఆధార్‌తో వచ్చే మా చుట్టాలు టికెట్ కొనాల్సిందే. ఈ సంగతి కూడా ముందే తెలియక కండక్టర్‌తో వాదన పెట్టుకుంటున్నారు.

ఆర్టీసీని, నగరపాలక సంస్థ జీవీఎంసీని, పర్యాటక శాఖను అడిగేది కోట్ల ఖర్చు పని కాదు. కాంప్లెక్స్‌లోనూ, బీచ్ రోడ్డు మీద ప్రతి స్టాపులోనూ మొదటి బస్సు ఎన్నింటికి, ఆఖరి బస్సు ఎన్నింటికి అని తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో ఒక బోర్డు పెట్టండి. రాత్రి పొద్దుపోయి వచ్చే రైళ్ళకి అందేలా స్టేషన్ నుంచి కాంప్లెక్స్, ఎంవీపీ మీదుగా రుషికొండకి ఒక్క బస్సయినా నడపండి, తెల్లవారుజామున అరకు రైలుకి అందేలా ఒకటి వెనక్కి రావాలి. భోగాపురం విమానాశ్రయం ఉన్నది భీమిలి అవతల, కాబట్టి విమానంలో వచ్చేవాళ్ళు కూడా ఇకమీదట గదులు ఈ బీచ్ రోడ్డు వెంటే వెతుక్కుంటారు. వాళ్ళ కోసం అక్కడినుంచి బస్సులు ఏ దారిన, ఎంత రాత్రి దాకా నడుపుతారో ఆర్టీసీ అధికారులు మీ పత్రిక ద్వారానే చెప్తే బాగుంటుంది.

— ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం