నా నొప్పిని నమ్మినవాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన పోస్టు ఇది. రాయడానికి కూర్చుంటే వేళ్ళు పట్టేసేవి. లేదంటే రెండు వాక్యాలు రాసేసరికి ఏం చెప్పాలనుకున్నానో మరిచిపోయేదాన్ని. ఈ వారం ఒంట్లో కాస్త బాగుంది. మూడు రోజులు, రోజుకి కొంచెం చొప్పున, మధ్యలో లేచి నాలుగడుగులు వేస్తూ పూర్తి చేశాను.

నాకు ఫైబ్రోమయాల్జియా ఉంది, అంటే ఒళ్ళంతా నొప్పులు, అలసట ఏళ్ళ తరబడి వదలని జబ్బు. అది తగ్గిపోలేదు, తగ్గిపోయిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. రెండేళ్ళ కిందట తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. ఇవాళ పొద్దున అరగంట నడిచి వచ్చాను. అప్పటికీ ఇప్పటికీ మధ్య నన్ను పట్టుకుని నడిపించినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ పేర్లు రాయను. కానీ చదివితే ఎవరి గురించి రాశానో వాళ్ళకు తెలిసిపోతుంది.

మొదట మెడ దగ్గర మొదలైంది. తర్వాత భుజాలు, నడుము, తొడలు. కొన్నాళ్ళకు ఒళ్ళంతా ఒకటే పుండులా అయింది. బట్టల కుట్లు ఒంటికి తగిలినా మంట. ఎనిమిది గంటలు పడుకున్నా రాత్రంతా మూటలు మోసినట్టు లేచేదాన్ని. మాట్లాడుతుంటే బాగా తెలిసిన మాటే నోటికి వచ్చేది కాదు. దాదాపు నాలుగేళ్ళు ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరు దగ్గరకు తిరిగాను. ఎముకల డాక్టరు, నరాల డాక్టరు, ఎక్స్‌రేలు, ఎమ్మారైలు, రక్త పరీక్షలు. అన్నీ నార్మల్. రిపోర్టు నార్మల్ అని రాగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునేవారు. నేను మాత్రం తలుపేసుకుని ఏడ్చేదాన్ని. ఏదో ఒక జబ్బు బయటపడితే బాగుండునని మొక్కుకున్న రోజులున్నాయి. ఒక డాక్టరైతే నా ముఖం కూడా చూడకుండా, "ఖాళీగా ఉంటే ఇలాగే ఉంటుంది, ఏదైనా వ్యాపకం పెట్టుకోండి" అన్నారు. అప్పుడు నేను రోజంతా ఉద్యోగం చేసి, ఇంటికొచ్చి ఇంటి పని చేస్తున్నాను. ఆ మాట తర్వాత ఆరు నెలలు ఏ డాక్టరు దగ్గరకూ వెళ్ళలేదు.

అందుకే మొదటి కృతజ్ఞత మా ఫ్యామిలీ డాక్టరుగారికి. చాలాకాలం ఆయనకూ నా జబ్బేమిటో అంతుబట్టలేదు. కానీ ఒకరోజు నా ఫైలంతా ముందేసుకుని, "నాకు అర్థం కాలేదంటే మీకు ఏమీ లేదని కాదమ్మా, నాకు తెలిసింది అయిపోయిందని అంతే" అన్నారు. కీళ్ళవాతం లాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టుకు తన చేత్తో ఉత్తరం రాసిచ్చారు. అలా ఒప్పుకున్న డాక్టరును అంతకుముందు నేను చూడలేదు. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే నేను ఇంకా నొప్పి మాత్రలు మింగుతూ ఇంట్లోనే కూర్చుని ఉండేదాన్ని.

రుమటాలజిస్టుగారి గురించి ఎంత రాసినా తక్కువే. ఆవిడ ముందు రిపోర్టులు అడగలేదు. మనిషి బొమ్మ వేసి ఉన్న ఒక కాగితం, పెన్ను నా చేతికిచ్చి, "ఈ వారంలో ఎక్కడెక్కడ నొప్పి పెట్టిందో గుర్తు పెట్టండి, తొందరేం లేదు" అన్నారు. అందులో 19 చోట్లు ఉంటాయి. నేను 14 గుర్తు పెట్టాను. తర్వాత అలసట, నిద్ర లేచాక ఒంట్లో ఉండే నిస్సత్తువ, మతిమరుపు, తలనొప్పి, పొత్తికడుపు నొప్పి, మనసు బాగోలేకపోవడం గురించి ఒక్కొక్కటే అడిగి మార్కులు వేశారు. 12కి 9 వచ్చాయి. ఎన్నాళ్ళుగా ఉందని అడిగితే నాలుగేళ్ళన్నాను. "కనీసం మూడు నెలలు ఉందా అని చూస్తాం. మీరు నాలుగేళ్ళు భరించారా?" అని ఆవిడ పెన్ను కింద పెట్టేశారు.

ఈ జబ్బును గుర్తించే పద్ధతి మారుతూ వచ్చిందని ఆవిడే చెప్పారు. అమెరికా రుమటాలజీ కాలేజీ 1990లో పెట్టిన కొలతల ప్రకారం ఒంటి మీద 18 చోట్ల వేలితో నొక్కి చూసేవారు, వాటిలో కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలి. 2010లో ఆ నొక్కి చూడడం తీసేసి అలసటను, నిద్రను, మతిమరుపును కూడా లెక్కలోకి తెచ్చారు. 2016లో మళ్ళీ సవరించి, ఇంకో జబ్బు ఉన్నంత మాత్రాన ఇది లేదని అనకూడదని స్పష్టం చేశారు. దీన్ని పట్టి చూపే రక్త పరీక్ష లేదు. మరి రక్తం ఎందుకు తీస్తున్నారని అడిగితే, థైరాయిడ్ తక్కువగా ఉండడం, కీళ్ళవాతం లాంటివి ఇలాగే కనిపిస్తాయి కాబట్టి వాటిని చూడకుండా వదలకూడదన్నారు. రాత్రి గురక వస్తుందా, నిద్రలో ఊపిరి ఆగుతుందా అని మా ఆయన్నీ అడిగారు.

ఆరోజు ఆవిడ చెప్పిన ఒక విషయం నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. 2002లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళు 16 మంది, లేనివాళ్ళు 16 మంది. బొటనవేలి గోటి మీద ఒత్తిడి పెడుతూ మెదడుకు స్కాన్ తీశారు. లేనివాళ్ళకు ఎక్కువ ఒత్తిడి పెడితే గానీ రాని నొప్పి, ఉన్నవాళ్ళకు చాలా తక్కువ ఒత్తిడికే వచ్చింది. అలా ఇద్దరికీ నొప్పి ఒకే స్థాయికి చేరినప్పుడు మెదడులో స్పందించిన భాగాలు కూడా చాలావరకు ఒకటే. "అంటే వీళ్ళు ఎక్కువ చేసి చెప్పడం లేదు. మెదడు నిజంగానే అంత నొప్పిని అందుకుంటోంది" అన్నారు. నా కీళ్ళలో వాపు లేదనీ, ఏదీ అరిగిపోవడం లేదనీ, నొప్పి కబురు మోసే నరాల వ్యవస్థ అతిగా స్పందిస్తోందనీ వివరించారు. నాలుగేళ్ళలో మొదటిసారి మా ఆయన డాక్టరు ముందు కళ్ళు తుడుచుకున్నారు.

మందుల విషయంలో ఆవిడ నాకు ఆశలు పెంచలేదు, అందుకు కూడా కృతజ్ఞతలే. "ఏ మందూ అందరికీ పనిచేయదు. నొప్పి మూడో వంతు తగ్గినా మంచి ఫలితమే అనుకుందాం" అన్నారు. ముందు రాత్రి పూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు. నిద్ర కుదిరింది కానీ నోరు ఎండిపోయేది, పొద్దున మత్తుగా ఉండేది. తర్వాత ప్రెగాబాలిన్. నాకు కళ్ళు తిరిగాయి, పాదాలు వాచాయి, బరువు పెరిగాను. ఒక్కసారిగా ఆపకూడదని చెప్పి మెల్లగా తగ్గించి ఆపించారు. ఇప్పుడు డులోక్సెటిన్ మీద ఉన్నాను. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పింది, ఆ తర్వాత సర్దుకుంది. ఈ జబ్బుకు వాడవచ్చని అమెరికా ప్రభుత్వం ప్రెగాబాలిన్‌కు 2007లో, డులోక్సెటిన్‌కు 2008లో, మిల్నాసిప్రాన్‌కు 2009లో అనుమతి ఇచ్చింది. నాకు పడనిది మీకు పడొచ్చు, నాకు కుదిరింది మీకు కుదరకపోవచ్చు. దయచేసి ఇది చదివి ఎవరూ సొంతంగా మందు మొదలుపెట్టకండి, మానేయకండి.

మందుల దగ్గరే ఇంకొకరికి చెప్పాలి. నెలనెలా నేను నొప్పి మాత్రలు కొంటుంటే గమనించిన ఫార్మసిస్టు ఒకమ్మాయి, "ఇవి రోజూ వేసుకుంటున్నారా అండీ? కడుపులో మంటగా ఉంటోందా?" అని అడిగింది. మంట ఉండేది, నేనే ఎవరికీ చెప్పలేదు. ఆ మాత్రలు వాపును తగ్గించేవి, ఈ జబ్బులో తగ్గించడానికి వాపే లేదని తర్వాత డాక్టరుగారు చెప్పి మాన్పించారు. ఆ అమ్మాయి అడగకపోతే అల్సర్ దాకా వెళ్ళేదాన్నేమో.

ఇక ఫిజియోథెరపిస్టుగారు. అంతకుముందు ఇంకోచోట మొదటి రోజే పది ఎక్సర్‌సైజులు చేయించారు. మూడు రోజులు మంచం దిగలేకపోయాను, ఎక్సర్‌సైజ్ అంటేనే భయం పట్టుకుంది. ఈయన దగ్గరకు వెళ్ళి ముందే చెప్పేశాను, నా వల్ల కాదని. ఆయన నవ్వి, "ఐదు నిమిషాలు నడవగలరా? అంతే నడవండి. ఆరో నిమిషం వద్దు" అన్నారు. బాగున్న రోజు కూడా ఐదే. నాకు అన్నిటికంటే కష్టమైన పని అదే. బాగున్న రోజు రాగానే నెల రోజుల పనులన్నీ మీదేసుకుని, తర్వాత వారం పడిపోవడం నా అలవాటు. రెండు వారాలు గడిచాక ఒక్క నిమిషం పెంచారు. నాకు ఒళ్ళు తిరగబెట్టిన ప్రతిసారీ వెనక్కి తగ్గించారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అరగంటకు చేరడానికి ఏడాదిన్నర పట్టింది. గోరువెచ్చని నీళ్ళలో నడిపించినప్పుడు ఎన్నో ఏళ్ళ తర్వాత ఒళ్ళు తేలికగా అనిపించింది. యూరప్ రుమటాలజీ వైద్యుల సంఘం 2017లో ప్రచురించిన సూచనల్లో, గట్టిగా సిఫార్సు చేసిన చికిత్స ఒక్క వ్యాయామమేనట. అది ముందే నాకు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

సైకాలజిస్టు దగ్గరకు వెళ్ళమన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. మళ్ళీ మనసు రోగమేనా అనిపించింది. ఆవిడ మొదటి మాటే, "మీ నొప్పి ఊహ అని మిమ్మల్ని నా దగ్గరకు పంపలేదు. ఇంత నొప్పితో బతకడం ఎవరికైనా కష్టం, అందుకు పంపారు." మేమిద్దరం ఎక్కువగా పనిచేసింది నా నిద్ర మీదే. రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున ఒకే వేళకు లేవడం, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోవడం, పగలు కునుకు తీయకపోవడం. మొదటి మూడు వారాలు నరకం. ఎందుకింత పట్టుబడుతున్నారని అడిగితే 1975లో టొరంటోలో హార్వే మోల్డోఫ్‌స్కీ బృందం చేసిన పరిశోధన గురించి చెప్పారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను గాఢనిద్రలోకి పోనీయకుండా కొన్ని రాత్రులు చెడగొడితే వాళ్ళకూ ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయట. అది విన్నాక మా ఇంట్లో నా నిద్రవేళను ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు.

ఇదే జబ్బుతో పదేళ్ళుగా ఉన్న ఒక అక్క ఫోన్‌లో పరిచయమైంది. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు అంతా ఒకే ఒక్క కాగితం మీద రాసుకోమని నేర్పింది తనే. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ నొప్పి, నిద్ర ఎలా ఉంది, ఇంతవరకు ఏ మందులు వాడితే ఏమైంది, చివర్లో మూడే మూడు ప్రశ్నలు. బుర్ర మసకబారినప్పుడు ఆ కాగితమే నా తరఫున మాట్లాడింది. కొత్త డాక్టరును మొదటగా "ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళను మీరు చూస్తుంటారా?" అని అడగమంది. పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చే చోట నుంచి వెంటనే లేచి వచ్చేయమంది. అలాంటి చోట్ల తను చాలా డబ్బు పోగొట్టుకుంది. కీలు వాచినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గినా, ఒక చెయ్యో కాలో బలహీనపడినా "ఇదీ ఫైబ్రోనే" అని ఊరుకోవద్దనీ, విడిగా చూపించుకోవాలనీ కూడా చెప్పింది. మా డాక్టరుగారూ సరిగ్గా అదే మాట అన్నారు.

మా ఆయన రోజూ పొద్దున "ఎలా ఉంది?" అని అడిగేవారు. బాగాలేదని రోజూ చెప్పాలంటే నాకు నేరం చేసినట్టు ఉండేది. ఇప్పుడు "ఇవాళ ఏ పని వదిలేద్దాం?" అని అడుగుతున్నారు. మా అమ్మాయి నన్ను గట్టిగా వాటేసుకుంటే నేను మూలిగేదాన్ని, అది బిక్కచచ్చిపోయేది. ఇప్పుడు దగ్గరకొచ్చి "ఇవాళ ఎక్కడ పట్టుకోనమ్మా?" అంటుంది. ఒక్కోరోజు అరచెయ్యి ఒక్కటే చూపిస్తాను. దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఆఫీసులో మా మేనేజరు గంటకోసారి లేచి నడవనిచ్చారు, ఎందుకని నలుగురిలో అడగలేదు.

చివరగా మా అమ్మ. నా చిన్నప్పటి నుంచి అమ్మ ఒళ్ళు నొప్పులంటూనే ఉండేది. "అమ్మకి ఎప్పుడూ ఉండేదే" అనుకున్నాం ఇంట్లో అందరం, నేను కూడా. ఈ జబ్బు ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి కనబడడం మామూలేనని రుమటాలజిస్టుగారు అన్నప్పుడు నాకు గొంతు పెగల్లేదు. కిందటి నెల అమ్మను తీసుకెళ్ళాను. ఆవిడ అదే బొమ్మ కాగితం అమ్మ చేతికిచ్చారు. అమ్మ పెన్ను పట్టుకుని చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది. "నన్ను ఇన్నేళ్ళలో ఇలా ఎవరూ అడగలేదు డాక్టరమ్మా" అంది. మెడ దగ్గర మొదలుపెట్టి మెల్లగా ఒక్కొక్కటే గుర్తు పెట్టింది.

డాక్టరుగారూ, ఆ పూట బయట అంతమంది ఎదురుచూస్తున్నా మా అమ్మ పూర్తిచేసే దాకా మీరు ఆగారు. అమ్మకు వచ్చే నెల మళ్ళీ అపాయింట్‌మెంటు ఉంది. ఈసారి కాగితం తనే రాసుకుంటోంది.