పసుపు డబ్బాతో పంపిన ఉత్తరం

చి. శ్రావణికి,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. దూడ లేచి తిరుగుతోంది. పసుపు తవ్వకం శివరాత్రికి ముందే అయిపోయింది. ఉడకేసి ఆరబోశాం, కళ్లంలో రాత్రిళ్లు కోటయ్య కాపలా పడుకుంటున్నాడు. ఫోను చేస్తే "మీటింగులో ఉన్నా, మళ్లీ చేస్తా" అని మెసేజ్ వస్తోంది గానీ నీ ఫోను రావడం లేదు. అందుకే బస్సు పార్సెల్‌లో ఈ కాగితం పెడుతున్నాను. పెట్టె విప్పితే కనబడకపోదు.

నిన్న రామాలయం దగ్గర రమణమ్మ అత్తయ్య ఎదురై, "అమ్మాయికి ఎలా ఉంది అన్నయ్యా, సెలైన్ ఎక్కించారటగా?" అంది. వాళ్ల చిన్నోడు చెప్పాడట. బానే ఉందని చెప్పి వచ్చేశాను. అమ్మతో అనలేదు. ఆ సంగతి అడగడానికి కాదులే ఈ ఉత్తరం, పెట్టెలో ఏమేం ఉన్నాయో చెబుదామని.

కారం రెండు కిలోలు. తేజ రకం మిరప ఘాటెక్కువ కాబట్టి నీ కోసం తగ్గించి, సన్నాల రకం ఎక్కువ వేశాం. అమ్మ తొడిమలు తీసి, ఎండబెట్టి, మిల్లు దగ్గర కూర్చుని పట్టించింది. ముందు వాళ్ల కారం రాళ్ల మధ్య మిగిలి ఉంటుందని మొదటి రెండు గుప్పెళ్లూ పక్కన తీయించింది. గానుగ నూనె రెండు సీసాలు, మూతలకు ప్లాస్టర్ చుట్టాను, నిలబెట్టే తీసుకెళ్లు. పసుపు మన చేలోదే.

షవర్మా తిన్నావటగా. తినడం తప్పని అనను. అందులో వేసే మయోనైజ్ పచ్చిగుడ్డుతో చేస్తే సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు, ఎండాకాలంలో బయట పెడితే అది త్వరగా పెరుగుతుంది. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది కూడా. ఇది గుడ్డుతో చేశారా, ఎప్పుడు చేశారు అని కొట్టువాణ్ణి అడగడానికి మొహమాటం దేనికమ్మా? చెప్పులు కొనేటప్పుడు తోలా రెగ్జినా అని పదిసార్లు అడుగుతావు, కడుపులోకి పోయేదాని గురించి అడగవు.

మీ తాతయ్య సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మీ సీతత్త పెళ్లి కుదిరిన ఏడు పసుపు కొమ్ములు బస్తాలకెత్తి ఒక వ్యాపారి కొట్టుకు తీసుకెళ్లాం. నేను బండి వెనక కూర్చున్నాను. అతను బస్తాలో చెయ్యి పెట్టి తీసి, "రంగు లేదు పెద్దాయనా" అన్నాడు. పక్కనే ఇంకో బస్తా విప్పి ఉంది, కొమ్ములు నిగనిగలాడుతున్నాయి, ముట్టుకుంటే వేళ్లకు అంటుకుంటోంది. తాతయ్య ఏమీ అనకుండా రెండు గ్లాసుల మంచినీళ్లు అడిగాడు. దాహమేమో అనుకున్నాను. ఒక దాంట్లో ఆ బస్తా కొమ్ము, ఒక దాంట్లో మన కొమ్ము వేశాడు. ఆ కొమ్ము నీళ్లలో పడీపడగానే రంగు వదిలేసింది. మనది అలాగే ఉంది, నీళ్లు తేటగానే ఉన్నాయి. తర్వాత మన కొమ్ము రాయి మీద కొట్టి విరిచి చూపించాడు. లోపల ఎర్రటి నారింజ రంగు. "లోపల చూడవయ్యా" అన్నాడు. "కొనేవాడు లోపల చూడడు పెద్దాయనా, పైనే చూస్తాడు" అన్నాడు వ్యాపారి. నీళ్లు పారబోయించి, రేటు మాత్రం తగ్గించే చెప్పాడు. పెళ్లి దగ్గర పడింది, తాతయ్య ఆ రేటుకే ఇచ్చేశాడు. దారంతా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

కొమ్ములకు పాలిష్ పట్టేటప్పుడు మెరుపు కోసం వేసే రంగుల్లో లెడ్ క్రోమేట్ ఒకటి. అందులో సీసం ఉంటుంది. పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఆ బస్తా ఏ ఊరి వంటింటికి పోయిందో, ఏ పసిబిడ్డ పాలలో పడిందో అని ఇప్పటికీ అనుకుంటాను.

మన మిరపకాయలకూ ఆ అనుభవం ఉంది. మన దేశం నుంచి వెళ్లిన కారంలో తిండిలో వేయకూడని సుడాన్ అనే ఎర్రరంగు ఉందని 2003లో ఫ్రాన్సు పట్టుకుంది. 2005లో బ్రిటన్‌లో అలాంటి కారం కలిసిన సరుకులు వందల రకాలు అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించారు. 2003 నుంచే ఆ దేశాలకు పోయే కారానికి ల్యాబ్ కాగితం అడిగారు. వాళ్లు అడిగారు కాబట్టి వాళ్లకు మంచిది పోతోంది. మనవాళ్లు అడగకపోతే మనకు మంచిది ఎవరిస్తారు?

అందుకని నువ్వు ప్యాకెట్ తిప్పి వెనక వైపు చదువు. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలని రూలు. బిస్కెట్లలో మైదా, పంచదార, పామోలిన్ ఆ వరసలోనే ఉంటాయి, బొమ్మలో ఉన్న బాదం ఎక్కడో చివర ఉంటుంది. ఐఎన్ఎస్ అని ఉంటే తిండిలో కలిపే రంగులకూ మందులకూ ఇచ్చిన నంబరు. ఐఎన్ఎస్ 102 అంటే టార్ట్రజీన్, పసుపు రంగు. 211 నిల్వ కోసం వేసే మందు. ఐస్‌క్రీం అనుకుని కొన్న దాని మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అది పాలకొవ్వు కాదు, నూనె. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు లేని ప్యాకెట్ కొనొద్దు. హోటల్ బిల్లు మీద కూడా ఆ నంబరు ఉండాలి. ఇప్పుడే ఎక్కడైనా నిండుగా పండిన మామిడిపండ్లు కనబడితే తీసుకోకు, నూజివీడు కాయ ఇంకా చెట్టు మీదే ఉంది. కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం, అయినా వేస్తారు.

రాస్తూ పోతే పాఠం అయిపోతోంది. నీకు విసుగొస్తుందని తెలుసు. కానీ సెలైన్ ఎక్కించారంటే ఎన్ని సీసాలు, ఎక్కడ, పక్కన ఎవరున్నారు? ఒక్కదానివే ఆటోలో వెళ్లావా?

ఒక వారం మజ్జిగన్నమే తిను. కాచి చల్లార్చిన నీళ్లే తాగు. మన కారం జోలికి అప్పుడే పోకు, కడుపు కుదుటపడనీ. డాక్టరు రాసిన చీటీ ఫొటో తీసి నా ఫోనుకు పంపు, అమ్మ ఫోనుకు వద్దు, తనకు బీపీ. ఉగాదికి వస్తానన్నావు, టికెట్ దొరకలేదని చెప్పకు, నేనే కారు మాట్లాడి వస్తాను.

ఇట్లు,
నాన్న

సీసాలు ఖాళీ అయ్యాక పారేయకు, కడిగి తీసుకురా.