క్రిస్మస్ ఆర్డర్ల ఆలస్యం, దారం గురించి నేను ఆడిన అబద్ధం

అందరికీ నమస్కారం.

నవంబరు 25 కల్లా మీ చేతికి రావాల్సిన లేసు టేబుల్ క్లాత్‌లు, కుషన్ కవర్లు చాలామందికి ఇంకా రాలేదు. మొత్తం 31 ఆర్డర్లు. ఇవాళ డిసెంబరు 6, శనివారం. ఇప్పటికి 12 పంపాను. ఇంకో 11 పద్దెనిమిదో తేదీలోపు బయల్దేరతాయి. మిగిలిన 8 క్రిస్మస్‌కి అందవు. ఆ ఎనిమిది మందికీ ఫోన్ చేసి చెప్పాను. ముగ్గురు డబ్బు వెనక్కి అడిగారు, ఆ పూటే వేసేశాను. ఐదుగురు ఆగుతామన్నారు, వాళ్లకి రుణపడి ఉంటాను.

నవంబరులో ఫోన్ చేసి అడిగినవాళ్లకి "దారం రాలేదండీ" అని చెప్పాను. అది అబద్ధం. దారం సెప్టెంబరులోనే వచ్చింది. అట్టపెట్టెలు మా వరండాలోనే ఉన్నాయి. అల్లేవాళ్లు రావడం మానేశారు. ఎందుకు మానేశారో చెప్పాలంటే నా గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి, అవి వినడానికి అంత బాగుండవు.

నరసాపురం లేసు కొంటారు గానీ అది ఎలా తయారవుతుందో చాలామందికి తెలీదు. మా దగ్గర మిషను ఉండదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో 38 మంది ఆడవాళ్లు నా దగ్గర దారం తీసుకెళ్లి ఇళ్లలో పువ్వులు అల్లి తెస్తారు. మా వరండాలో ఆరుగురు కూర్చుని వాటిని కలుపుతారు, దాన్ని అతుకుపని అంటాం. తర్వాత ఉతుకు, గంజి, ఇస్త్రీ. 72 అంగుళాల పొడవు, 48 అంగుళాల వెడల్పు టేబుల్ క్లాత్‌కి నాలుగంగుళాల పువ్వులు 216 పడతాయి. పువ్వు లెక్కన కూలి. మొన్నటిదాకా పువ్వుకి 14 రూపాయలు ఇచ్చేదాన్ని.

జూలైలో వేరే ఊరి షాపువాళ్లు పెద్ద ఆర్డరిచ్చారు. సరుకు తీసుకున్నాక డబ్బు 30 రోజుల్లో అన్నారు, 60 అన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గించారు. నాకు రాలేదు కాబట్టి నేను అల్లేవాళ్లకి ఇవ్వలేదు. ఎంత తేలిగ్గా రాసేశానో చూడండి ఈ వాక్యం. అప్పుడు కూడా అంత తేలిగ్గానే అనిపించింది. శనివారం వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే "పైనుంచి రాలేదు పిన్నీ, వచ్చే వారం చూద్దాం" అనేదాన్ని. వాళ్లు నిలబడే చోట, సరిగ్గా వాళ్ల తల పైన, "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని మా పెళ్లికి ఎవరో ఇచ్చిన ఫ్రేము ఉంటుంది.

దసరా వెళ్లాక దారం తీసుకెళ్లేవాళ్లు తగ్గారు. గొడవ పడలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకరికి కళ్లు మంట, ఒకరికి కూతురి పురుడు, ఒకరింట్లో చుట్టాలు. నేను నమ్మాను, లేదా నమ్మినట్టు ఉండటం నాకు సుఖంగా ఉంది.

అక్టోబరు 26 ఆదివారం. మాది బ్రదరన్ సంఘం. ప్రతి ఆదివారం రొట్టె విరిచే ఆరాధన ఉంటుంది. నా ముందు చాపలో అతుకుపని పిన్ని కూర్చుంది. ఖాళీ వేళల్లో ఇంటి దగ్గర పువ్వులు కూడా అల్లుతుంది. 195 పువ్వులు, 2,730 రూపాయలు నేనే ఆవిడకి బాకీ. కానుకల సంచి వచ్చింది. పిన్ని కొంగు ముడి విప్పి పది రూపాయల బిళ్ల వేసింది. సంచి నా దగ్గరికి వచ్చింది. నేను అయిదు వందల నోటు మడిచి వేశాను, పక్కావిడకి కనపడేలాగే వేశాను, దాచడమెందుకు. వేసిన చెయ్యి సంచిలోంచి తియ్యకముందే తెలిసిపోయింది ఆ నోటు ఎవరిదో.

తర్వాత ద్రాక్షరసం గిన్నె వచ్చింది. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా నీ మీద నీ సహోదరునికి విరోధమేదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి ఐదో అధ్యాయంలో ఉంది. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పెట్టి బహుమతిగా పెన్సిల్ డబ్బా కూడా తెచ్చుకున్న వచనం. గిన్నె తాగకుండా పక్కకి అందించాను. మా ఆయన కంగారుగా చూశారు, ఒంట్లో బాలేదేమో అని.

సాయంత్రం పిన్ని ఇంటికెళ్లాను. డబ్బు పట్టుకెళ్లలేదు, లేదు కాబట్టి. ఇదిగో ఇలా జరిగింది, తప్పు నాది అని చెప్పాను. ఆవిడ చేటలో చింతపండు గింజలు తీస్తోంది, తల ఎత్తలేదు.

"మీ అమ్మకి కూడా ఇలాగే చేసేవోరమ్మాయ్. నువ్వు నా కళ్ల ముందే పుట్టావు" అంది.

మా అమ్మ నలభై ఏళ్లు లేసు అల్లింది. సైకిలు మీద ఏజెంటు వచ్చేవాడు, పువ్వులు లెక్కపెట్టి, మరక ఉందని నాలుగు పక్కన పడేసి, మిగతావాటికి పుస్తకంలో రాసుకుని "పైనుంచి రాలేదమ్మా" అని వెళ్లిపోయేవాడు. అచ్చం నేను అన్న మాటే. అమ్మ రోజుకి ఏడెనిమిది గంటలు అల్లినా మా నాన్న మాత్రం "ఖాళీగా ఉండలేక ఏదో అల్లుకుంటోంది" అనేవారు. మా ఊరి లేసు ఆడవాళ్ల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసిన జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ చెప్పింది కూడా దాదాపు ఇదే: వీళ్లని పనివాళ్లు అనకుండా ఇల్లాళ్లు అంటారు, పనిని తీరిక వేళ కాలక్షేపం అంటారు, అందుకే కూలి అంత తక్కువకి తెగుతుంది. నేనూ మీకు పంపే కార్డు మీద "మా గోదావరి ఇల్లాళ్లు తీరిక వేళల్లో ప్రేమతో అల్లినది" అని అచ్చు వేయించాను. ఆ కార్డులు ఇంకో మూడొందలు ఉన్నాయి. వెనకవైపు లెక్కలు రాసుకోవడానికి వాడుతున్నాను.

ఆ వారం రెండు గాజులు కుదువ పెట్టి అందరి బాకీ తీర్చాను, లక్షా పద్నాలుగు వేలు. షాపు డబ్బు ఇంకా రాలేదు. అది నాకూ ఆ షాపుకీ మధ్య సంగతి. వాళ్లు ఇస్తేనే నేను ఇస్తాననడానికి ఈ ఆడవాళ్లు నాతో వ్యాపారంలో వాటా పెట్టుకోలేదు కదా. లాభం వచ్చిన నెల వాళ్లని పిలిచి పంచానా?

బాకీ తీర్చాక ఒకరోజు కూర్చుని నేనే ఒక పువ్వు అల్లాను, వాచీ ముందు పెట్టుకుని. మురికి అంటకుండా దారపు ఉండని స్టీలు గిన్నెలో వేసుకుని, ఒళ్లో తెల్ల గుడ్డ పరుచుకుని. నడుమ గుండ్రం వచ్చేసరికే మెడ పట్టేసింది. చిన్నప్పుడు చూపుడు వేలి మీద దారం ఒరుసుకునే చోట కాయ ఉండేది, ఇప్పుడు లేదు, చర్మం ఎర్రగా కమిలింది. యాభై నిమిషాలు. అలవాటైనవాళ్లకి నలభై ఐదు. ఎనిమిది గంటలు తల ఎత్తకుండా అల్లితే పది పువ్వులు, 140 రూపాయలు. ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో 2025-26లో రోజు కూలి 307 రూపాయలు. 2024లో మా లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే గుర్తింపు, వచ్చినప్పుడు నేను స్వీట్లు పంచాను, మీకు అమ్మే ధర పెంచాను. పువ్వు కూలి మాత్రం పెంచలేదు.

ఇప్పుడు పువ్వుకి 20 ఇస్తున్నాను, అతుకుపనికి ఒక్కో క్లాత్ మీద 304 ఎక్కువ. అందుకే జనవరి 1 నుంచి ఆ టేబుల్ క్లాత్ 7,800 బదులు 9,400 అవుతుంది. పెరిగిన 1,600లో నాకు ఒక్క రూపాయి రాదు. ఈలోపు బుక్ చేసినవాళ్లకి పాత ధరే. రోజుకి 200 కూడా న్యాయమైన కూలి అని నేను అనను. 30 ఇస్తేనే 300 అవుతుంది. 30 ఇస్తే మీలో ఎంతమంది కొంటారో అని భయపడి 20 దగ్గర ఆగాను.

ఒక సంగతి ఈ రెండు నెలల్లో గమనించాను. మా సంఘంలో పని గురించి వాక్యం వచ్చినప్పుడల్లా కొలొస్సయుల పత్రిక మూడో అధ్యాయం చదువుతారు: దాసులారా, యజమానులకు విధేయులై ఉండండి, మనుషుల కోసం కాక ప్రభువు కోసం అన్నట్టు మనస్ఫూర్తిగా చేయండి. 25వ వచనంతో అధ్యాయం అయిపోతుంది, బైబిలు మూసేస్తారు. యజమానులకి చెప్పిన మాట, మీకూ పరలోకంలో ఒక యజమానుడున్నాడు కాబట్టి పనివాళ్లకి న్యాయంగా ధర్మంగా చేయండి అనేది, నాలుగో అధ్యాయం మొదటి వచనంలో పడింది. ఆ పత్రిక పౌలు రాసినప్పుడు అధ్యాయాలు లేవు, అవి ఎన్నో వందల ఏళ్ల తర్వాత పెట్టినవి. ఎవరో గీసిన ఆ గీత మాలాంటి వాళ్లకి భలే కలిసొచ్చింది. సంఘ పెద్దతో అంటే నవ్వి, "వచ్చే వారం నాలుగో అధ్యాయం నుంచే మొదలుపెడదాం లెండి" అన్నారు. ఇంకా మొదలవలేదు.

మరకల సంగతి. తెల్ల దారం కదా, చెమటో టీయో పడితే ఇదివరకు ఆ పువ్వు కూలి కోసేదాన్ని. ఒనేసిము అనే దాసుడి గురించి అతని యజమాని ఫిలేమోనుకి పౌలు రాసిన ఉత్తరంలో, అతను నీకేమైనా బాకీ ఉంటే అది నా లెక్కలో వెయ్యి అంటాడు. కొట్టు లెక్కలు రాసేవాళ్లకి బాగా అర్థమయ్యే మాట. నా పుస్తకంలో ఇప్పుడు మరకల ఖర్చు అని ఒక పేజీ ఉంది, అది నా పద్దు. నవంబరులో మొత్తం 22 పువ్వులు, సోడాలో నానబెడితే అందులో పదిహేడు తెల్లబడ్డాయి. ఇన్నేళ్లు కోసింది దేనికో నాకే తెలీదు.

ప్రార్థన గురించి కూడా చెప్పాలి, ఇది చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. రోజూ తొమ్మిదిన్నరకి వరండాలో ప్రార్థన చేసి పని మొదలుపెట్టేదాన్ని. ఆరుగురిలో ఇద్దరు హిందువులు. వాళ్లని నేనెప్పుడూ బలవంతం చేయలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. కానీ ప్రార్థన అయ్యాకే హాజరు వేసేదాన్ని. మరి వాళ్లు రాకుండా ఎలా ఉంటారు? కార్తీక సోమవారం ఉపవాసం, మధ్యాహ్నం వెళ్లిపోతానని అందులో ఒక అక్క అడిగితే "ఉపవాసాలంటే పని ఎలా సాగుతుంది అక్కా" అన్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన అని నేను పూట పని కట్టేసే మనిషిని! ఇప్పుడు ప్రార్థన తొమ్మిదింపావుకి, ఇంట్లో, ఇష్టమైనవాళ్లకి. హాజరు తొమ్మిదిన్నరకి. ఎలా ఉందక్కా అని అడిగితే "టీ చల్లారకుండా తాగుతున్నానండి" అంది.

మీలో కొందరితోనూ ఒక మాట. "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్" అని మొదలుపెట్టి "మనం మనం విశ్వాసులం, రేటు చూసి వెయ్యండి" దాకా వచ్చే ఫోన్లు డిసెంబరులో చాలా వస్తాయి. నేను తగ్గించే ప్రతి వందా పువ్వు దగ్గరే తగ్గుతుంది. ఇక మీదట అందరికీ ఒకటే ధర. మా ఇంటి చుట్టాలకి కూడా. ఆ పేచీ సంక్రాంతికి నేను పడతాను.

అంతా సర్దుకుందని రాయలేను. ఇద్దరు వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లిపోయారు, పిలిచాను, రామన్నారు. సరుకు లేటైతే నా గొంతు ఇప్పటికీ లేస్తుంది. మొన్న మంగళవారం కూడా లేచింది.

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే పిన్ని వల్లే. నవంబరు మూడో వారం, బాకీలన్నీ తీరి, నేను మారిపోయానని నాకు నేనే సంతోషపడుతున్న రోజుల్లో, వరండాలో నిలబడి హైదరాబాదు కస్టమరుతో ఫోన్లో మాట్లాడుతున్నాను. "లేదండీ, దారం రాలేదండీ, వస్తే చెయ్యనా" అని. పిన్ని గోడవారగా అతుకుతూ కూర్చుంది. సూది ఆపింది. తను ఆనుకున్న అట్టపెట్టెలు రెండింటినీ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, పైన "తెలుపు దారం" అని రాసుంది. నా వంక చూసి, మళ్లీ పనిలో పడింది. ఫోన్ పెట్టేశాక "టీ పెట్టమంటావా పిన్నీ" అన్నాను. "పెట్టమ్మాయ్, దారం వచ్చేదాకా ఏం చేస్తాం" అంది.

ఆ హైదరాబాదు ఆవిడ క్లాత్ బుధవారం వెళ్తుంది. ఇవాళ శనివారం కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత ఫోన్ ఎత్తను, కూలి లెక్కలు ఉంటాయి. మిగతా రోజుల్లో పది నుంచి ఆరు వరకు చెయ్యండి. ఆలస్యమైందని తిట్టాలనుకునేవాళ్లు కూడా చెయ్యొచ్చు.