ఖో-ఖో జట్టు పేరు గురించి నాలుగు మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైంటేబుల్, ఫీజు గడువు వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ పేజీ మాత్రం ఖో-ఖో జట్టుకే. పిల్లలు తమ జట్టుకి ‘ఎర్రచీమలు’ అని పేరు పెట్టుకున్న దగ్గర్నుంచి నాకు ఫోన్లే ఫోన్లు. "పులులనో సింహాలనో పెట్టుకోక ఈ చీమలేంటి మేడం, ఎదుటి జట్టు నవ్వదా?" అని ఒకరు, "పిల్లలకేం తెలుసు, మీరైనా చెప్పి మార్పించండి" అని ఇంకొకరు.

మార్పించను. ఎందుకో చెప్పాలంటే కాలిఫోర్నియా దాకా వెళ్లాలి.

శాన్‌హోసే చుట్టుపక్కల మీ బంధువులెవరైనా ఉంటే వాళ్లకి శాంటాక్రూజ్ తెలిసే ఉంటుంది, కొండ దాటితే సముద్రం ఒడ్డున వస్తుంది. అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్ 1965లో మొదలైంది, అదీ ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ చెట్ల మధ్య. ఆ చెట్ల కింద తడి నేల మీద గుల్ల లేని నత్త ఒకటి పాకుతుంటుంది. పసుప్పచ్చగా, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలతో అచ్చం మాగిన అరటిపండులా ఉంటుంది కాబట్టి దాన్ని బనానా స్లగ్ అంటారు. జానెడు పొడవు దాకా పెరుగుతుంది, ఒళ్లంతా జిగురు, ఏ జంతువైనా నోట పట్టుకుందంటే నాలుక తిమ్మిరెక్కి వదిలేయాల్సిందే.

మొదట్లో ఆ క్యాంపస్‌లో మార్కులు, గ్రేడ్ల బదులు ప్రతి విద్యార్థి గురించీ అధ్యాపకులు నాలుగు వాక్యాలు రాసిచ్చేవారు (మన దగ్గర ఇలా చేస్తే మీరు నన్ను బతకనివ్వరనుకోండి). ఆటలు కూడా అంతే, ఆడాలనిపించిన ప్రతివాళ్లూ ఆడేవారు. గెలుపే ప్రాణంగా ఆడే మిగతా యూనివర్సిటీలను కాస్త వెక్కిరించినట్టూ ఉంటుంది, మా అడవి జీవి పేరూ ఉంటుంది అని విద్యార్థులే తమను స్లగ్స్ అని పిలుచుకున్నారు.

1980లో బయటి పోటీల కోసం ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల ఆటపోటీలు నడిపే సంఘం) మూడో డివిజన్‌లో చేరారు. దానికి అధికారికంగా ఒక పేరుండాలి కదా. అప్పటి ఛాన్సలర్, అంటే ఆ క్యాంపస్ పెద్ద, రాబర్ట్ సిన్‌షైమర్ పెద్ద జీవశాస్త్రవేత్త, 1985లో మానవ జన్యుపటం మీద శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి మాట్లాడించిన మనిషి. ఆటగాళ్లను అడిగి ‘సీ లయన్స్’ (సముద్ర సింహాలు, సీల్ లాంటి జంతువులు) అని ఖాయం చేశారు. ఆ ఊరి రేవు దగ్గర సీ లయన్లు గుంపులుగా పడుకుని అరుస్తుంటాయి, కాబట్టి పేరు మరీ అతకనిదేం కాదు. బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యలో సీ లయన్ బొమ్మ కూడా వేయించారు. అయినా చూడ్డానికొచ్చిన పిల్లలు ఆ బొమ్మ చుట్టూ కూర్చుని స్లగ్స్, స్లగ్స్ అనే అరిచారు.

1986లో విద్యార్థులందరికీ ఓటింగ్ పెడితే స్లగ్ 15కి 1 చొప్పున గెలిచింది. ఛాన్సలర్ అప్పటికీ ఒప్పుకోలేదు, జట్టు పేరు ఆడేవాళ్లు తేల్చాలి గానీ చూసేవాళ్లు కాదన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాటలో నాకు న్యాయమే కనిపిస్తుంది. సరే అని ఆటగాళ్లను అడిగితే వాళ్లూ స్లగ్ అనే అన్నారు. ఇంకేం చేస్తారు, ఒప్పుకున్నారు. 2024లో కాలిఫోర్నియా ఆ బనానా స్లగ్‌నే తమ రాష్ట్ర స్లగ్‌గా ప్రకటించుకుంది కూడా.

ఇక మన చీమల సంగతి. గ్రౌండ్ పక్క మామిడిచెట్టు కింద బూట్లు విప్పి పెట్టేచోట ఎర్రచీమల పుట్ట ఉంది, ప్రాక్టీస్‌కి వచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ దాని కాటు తిన్నవాళ్లే. కొత్తగా జట్టులోకి వచ్చినవాళ్లని మొదటి కాటు పడ్డాకే తమలో కలుపుకుంటారట, పీఈటీ సార్ చెప్పారు. అది నేను పెట్టిన పేరు కాదు, ఎవరూ పెట్టమని చెప్పిందీ కాదు. మీ మాట కూడా కాదనను కాబట్టి శుక్రవారం జట్టులోని పిల్లలతో చీటీలు వేయిస్తున్నాం. ఆడేవాళ్లే వేస్తారు, టీచర్లకీ నాకూ ఓటు లేదు, ఏ పేరొస్తే అదే జెర్సీ మీద ఉంటుంది.

పులి బొమ్మ గీసి పంపిన నాన్నగారికి థ్యాంక్స్, నిజంగా బాగుంది, లైబ్రరీ గోడకి పెట్టాం.

జెర్సీ సైజు కాగితం శనివారం లోగా పిల్లల డైరీలో పెట్టి పంపండి. ఒక సైజు పెద్దదే రాయండి, టోర్నమెంట్ నాటికి ఎదిగిపోతారు.

మీ,
ప్రధానోపాధ్యాయురాలు