కథ రచయితది, బొమ్మ ఎవరిది?

సంపాదకుల వారికి నమస్కారం.

పుస్తకాలకు ముఖచిత్రాలు, పత్రికల్లో కథలకు బొమ్మలు వేసి జీవించే నాలాంటివారిని నష్టపరుస్తున్న ఒక చట్ట నిబంధన గురించి ఈ లేఖ రాస్తున్నాను.

వారపత్రికలో కథ అచ్చయితే, రచయిత ఆ సంస్థ ఉద్యోగి కానంతవరకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే హక్కు రచయితదే. అదే పేజీలో ఆ కథకు వేసిన బొమ్మకు ఆ భరోసా లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న వర్ణచిత్రానికీ, తీయించుకున్న ఫొటోకూ తొలి హక్కుదారు వేయించుకున్నవారే. కాదనాలంటే ఒప్పందం ఉండాలి. మా పనిలో ఒప్పందమెక్కడిది? "కవరు ఎల్లుండికి కావాలండీ" అని ఒక ఫోను, వాట్సాప్‌లో కథాసారాంశం, పని ముగిశాక ఖాతాలో పడే కొంత సొమ్ము, అంతే.

ఒక నవలకు నేను వేసిన ముఖచిత్రాన్ని ప్రచురణకర్తలు మలి ముద్రణకూ, తర్వాత ఆడియో పుస్తకానికీ, చివరికి తాము పంచిపెట్టిన క్యాలెండరుకూ వాడుకున్నారు. క్యాలెండరులో నెల పేరున్న పట్టీ సరిగ్గా నా సంతకం మీద పడింది. అడిగితే, "డబ్బులిచ్చాం కదమ్మా" అన్నారు. హక్కు సంగతిలో చట్టం వారి వైపే మొగ్గవచ్చు గానీ, పేరు సంగతిలో కాదు. హక్కులన్నీ రాసిచ్చేసినా ఆ కృతి తనదని చెప్పుకునే హక్కు, దాన్ని తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కర్తకే ఉంటాయని 57వ సెక్షన్ చెబుతోంది. విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీయించినప్పుడు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ హైకోర్టులో 2005లో గెలిచింది ఈ సెక్షన్ ఆధారంగానే.

17వ సెక్షన్‌లోని ఈ నిబంధనకు మూలం బ్రిటిష్ వారి 1911 చట్టం. బ్రిటన్ తన 1988 చట్టంతో దాన్ని వదిలేసింది, కెనడా 2012లో తొలగించింది. అదే 2012లో మన పార్లమెంటు కూడా చట్టాన్ని సవరించి, సినిమా పాటల రచయితలు, స్వరకర్తలు తమ రాయల్టీ వాటాను ఎవరికీ వదులుకోనవసరం లేకుండా కాపాడింది. ఎంతో మంచి పని అది. ఆ రక్షణ బొమ్మలు వేసేవారికీ, ఫొటోలు తీసేవారికీ ఎందుకు దక్కలేదో నాకు అర్థం కాదు.

కేంద్ర ప్రభుత్వం ఈ నిబంధనను సవరించాలి. అంతవరకు, బొమ్మ ఏ వాడకానికి, ఎన్నేళ్లకు, మరోచోట వాడితే ఎంత ఇస్తారు, పేరు ఎక్కడ వేస్తారు అన్న నాలుగు విషయాలను ప్రచురణకర్తలు పని అప్పగించేటప్పుడే రాసి, సంతకం చేసి ఇవ్వాలి. మీ ఆదివారం అనుబంధంలో కథకు రచయిత పేరు వేసినట్టే బొమ్మ కింద చిత్రకారుల పేరు కూడా వేయాలని మనవి.

భవదీయ,
ఒక చిత్రకారిణి, హనుమకొండ